పుస్తకంలో లేని మనిషి

"ఈ అత్తగారు అచ్చం మన పక్క పొలం డల్సీయే" అంది నోలా, పుస్తకంలోంచి తలెత్తకుండా. "కోడలు కడిగిన కప్పులు మళ్లీ కడుగుతుందట. ఎంత బాగా పట్టుకుందో ఆ రాసినావిడ."

సింకు దగ్గర మెరిన్ చెయ్యి ఆగింది. రాత్రి తను కడిగి బోర్లించిన కప్పుల్ని పొద్దున్నే అత్తగారు నోలా మళ్లీ కడిగి, మళ్లీ అక్కడే బోర్లించింది. మెరిన్ ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ అది జరుగుతూనే ఉంది.

"డల్సీ అలా కడగడం మీరు చూశారా?"

"చూడాలా ఏమిటి? దాని సంగతి నాకు తెలీదూ?" నోలా పేజీ తిప్పింది. "ఆదివారం మన పుస్తకాల జట్టుకి దీని గురించే చెప్తాను. డల్సీ ఎదురుగా చెప్తాను. చూద్దాం దాని మొహం ఎలా పెడుతుందో."

అట్ట మీద ఎల్. కారో అని ఉంది. ఆ పేరుతో మనిషెవరూ లేరు. ఆ పుస్తకం రాసింది మెరిన్.

ఆ సంగతి తెలిసినవాడు ఈ ఇంట్లో ఒక్కడే, ఆమె భర్త లాకీ. అతనికి తెలిసిందీ అంతంతే. భార్య పుస్తకం రాసింది, మెల్‌బోర్న్‌లో ఎవరో అచ్చు వేశారు. అతను దాన్ని తెరిచి చూడలేదు. బడి మానేశాక లాకీ చదివినవి గొర్రెల మందు డబ్బాల మీది కాగితాలు, ట్రాక్టరుతో వచ్చిన పుస్తకం.

మెరిన్ ఊరు మార్చింది. పేర్లు మార్చింది. గోధుమ పొలాల్ని తీసేసి నది పెట్టింది. అత్తగారిని పొట్టిగా చేసింది. ఇన్ని మార్చి, లైబ్రరీ బస్సు ఈ జిల్లాలో ప్రతి గేటు ముందూ ఆగుతుందన్న సంగతి మరిచిపోయింది. బస్సు నడిపే బెవ్ క్రితం వారం ఆ పుస్తకాన్ని తీసి నోలా చేతిలో పెట్టి, "మన వైపు కథలాగే ఉంది, నీకు నచ్చుతుంది" అని చెప్పి వెళ్లింది.

నోలాకి నచ్చింది. అదే వచ్చిన చిక్కు.

చదివినంత మేరకు గుర్తుగా నోలా గొర్రె చెవికి వేసే పసుపు బిళ్ల పెట్టుకుంటుంది. మెరిన్ రోజూ ఆ బిళ్లనే చూస్తోంది. బిళ్లకి అవతలి వైపు కాగితాలు తగ్గుతున్నాయి. ఆ మిగిలిన కాగితాల్లో, చివరికి కాస్త ముందుగా, గొయ్యి ఉంది. కప్పులు కడగడం నోలా డల్సీకి అంటగట్టగలదు. గొయ్యిని ఎవరికీ అంటగట్టలేదు.

"టీ చల్లారిపోతోంది నోలా."

"పోనీ. వీళ్లిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవడం మానేశారు" అంది నోలా. "పాపం ఆ మొగుడు మధ్యలో నలిగిపోతున్నాడు. మగాళ్లింతే, నోరు విప్పరు. మన లాకీ నయం, అడిగితే చెప్తాడు."



*

మెరిన్ ఆలోచించి ఒక పని చేసింది. అదే కొంప ముంచింది.

లైబ్రరీ పుస్తకం ఎవరైనా చదువుతుండగా ఇంకొకరు దాని కోసం పేరు నమోదు చేసుకుంటే, చదివేవాళ్లకి గడువు పెంచరు. వచ్చే బస్సుకి ఇచ్చెయ్యాలి. నోలా మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక అధ్యాయం చదువుతుంది, కునుకు తీస్తుంది. ఆ లెక్కన గొయ్యి దాకా రాకముందే పుస్తకం బస్సెక్కుతుంది. మెరిన్ కంప్యూటర్ ముందు కూర్చుని, తను రాసిన పుస్తకానికి తన పేరే పెట్టుకుంది.

మర్నాడు గోడ మీది ఫోను మోగింది. నోలా తీసింది.

"ఎవరు? బెవ్‌వా? చెప్పు... ఎవరూ? మా మెరినా?" నోలా ఫోను చెవికి పెట్టుకునే వంటింట్లోకి తిరిగి చూసింది. "సరే. సరేలే. ఈసారి బస్సుకే ఇచ్చేస్తాను."

ఫోను పెట్టేసి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నీకు కావాలంటే నన్ను అడగొచ్చు కదా?"

"మీరు చదువుతున్నారు కదా అని..."

"చదువుతున్నానని, నాకు చెప్పకుండా బస్సువాళ్లకి చెప్పుకున్నావా? ఒకే కప్పు కింద ఉంటున్నాం. నా పక్క గదిలో ఉన్న పుస్తకానికి ముప్పై మైళ్ల అవతల పేరు రాయించావు."

"పొరపాటయింది నోలా."

"పొరపాటేముందిలే. నీకు నచ్చిందేదీ నువ్వు నాకు చెప్పవు కదా. ఏం చదువుతున్నావంటే ఏదో ఒకటి అంటావు." నోలా కళ్లజోడు తుడుచుకుంది. "ఆదివారం లోపు నేను అవగొట్టేస్తాను. తర్వాత నువ్వు తీరిగ్గా చదువుకో."

పుస్తకం తీసుకుని తన గదిలోకి వెళ్లిపోయింది. ఆ మధ్యాహ్నం కునుకు తియ్యలేదు. సాయంత్రం టీకి రాలేదు. తలుపు కింద సందులోంచి దీపం వెలుగు కనబడుతూనే ఉంది.

*

లాకీ దొడ్లో గొర్రెలకి మందు పడుతున్నాడు. గొర్రె మెడ మోకాళ్ల మధ్య బిగించి, గొట్టం నోట్లో పెట్టి, వదిలేసి, ఇంకో దాన్ని పట్టుకుంటున్నాడు. మెరిన్ కంచె అవతల నిలబడి చెప్పింది. అతను పని ఆపకుండానే విన్నాడు.

"కప్పుల సంగతి రాశావా?" నవ్వాడు. "అమ్మ డల్సీ అనుకుంటోందా? అయితే నీకేం భయం? చివరి పేజీ దాకా డల్సీయే అనుకుంటుంది."

"కప్పులు కాదు లాకీ."

"మరి?"

"గొయ్యి."

లాకీ చేతిలో గొర్రె తప్పించుకుంది. అతను దాని వెంట పోలేదు.

పంతొమ్మిది వందల ఎనభై రెండు కరువులో ఈ జిల్లాలో గొర్రెని ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు లేడు. మేత లేదు, నీళ్లు లేవు. గొయ్యి తవ్వించి, ఎవరి మందని వాళ్లే తుపాకీతో కాల్చి పూడ్చుకోవాల్సి వచ్చింది. లాకీ తండ్రి అలెక్ తన మందని తనే కాల్చాడని, పరాయివాడి చేత తుపాకీ పట్టించలేదని ఊరంతా చెప్పుకుంటారు. అలెక్ పోయినప్పుడు చర్చిలో పొరుగు రైతు ఎర్న్ లేచి ఆ మాటే చెప్పాడు. ముందు వరసలో కూర్చున్న నోలా తలూపింది.

జరిగింది అది కాదు. ఆ రోజు అలెక్ బండిలో కూర్చుని స్టీరింగు పట్టుకుని ఉండిపోయాడు. దిగలేదు. తుపాకీ నోలా తీసుకుంది. తొమ్మిదేళ్ల లాకీ ఉన్ని కత్తిరించే షెడ్డులో చెక్కల సందులోంచి చూశాడు. అతను చూశాడని తల్లికి తెలియదు, తండ్రికీ తెలియదు. తండ్రిని పూడ్చిపెట్టిన వారంలో, జీవితంలో మొదటిసారి, ఆ సంగతి ఒక మనిషికి చెప్పాడు. మెరిన్‌కి.

"నేను నీకు చెప్పింది" అన్నాడు లాకీ, ఆగి ఆగి. "నీకు చెప్పింది, నువ్వు వింటావని. రాసుకుంటావని కాదు."

"తెలుసు."

"తెలిసి రాశావా?"

"రాయకుండా ఉండలేకపోయాను. అది విన్న దగ్గర్నుంచి మీ అమ్మని నేను వేరేగా చూడటం మొదలుపెట్టాను లాకీ. కప్పులు కడుగుతుంటే కూడా. ఆ మాట ఆవిడతో అనలేను. అందుకని రాశాను."

"గొప్పగా రాశావా, తిట్టి రాశావా?"

"చదివితే తెలిసేది నీకు."

అతను మందు గొట్టాన్ని కంచె మీద వేలాడదీశాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. దొడ్లో గొర్రె ఒకటి దగ్గింది.

"నిన్ను తీసేశాను" అంది మెరిన్. "ఆ కథలో పిల్లాడు లేడు. అసలు ఎవరూ చూడలేదని రాశాను. నీ మీదికి ఏమీ రాకూడదని."

"నన్ను తీసేశావు. మరి అమ్మ? నాన్న?"

"పేర్లు మార్చాను."

"పేర్లు." లాకీ నేల వైపు చూశాడు. "ముప్పై ఆరేళ్లుగా ఆవిడ నాన్న పరువు మోస్తోంది. ఆ మోసేది బస్సులో పెట్టి ఊరూరా తిప్పుతున్నావు నువ్వు."

"ఆవిడకి ముందే చెప్పేద్దాం. ఇద్దరం కలిసి. నువ్వు చూశావని నువ్వు చెప్పు, రాశానని నేను చెప్తాను."

"నేను చెప్పను."

"లాకీ..."

"నేను చెప్పనన్నానా? చూశానని తెలిస్తే ఆవిడ తట్టుకోలేదు. కాల్చినందుకు కాదు. నేను చూసినందుకు." గొట్టం మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. "పుస్తకం ఎత్తుకొచ్చెయ్. పోయిందందాం. కుక్క కొరికేసిందందాం."

"దిండు కింద పెట్టుకుని పడుకుంటోంది."

ఆ మాటకి లాకీకి నవ్వు రాబోయింది. రాలేదు. ఇంకో గొర్రెని పట్టుకున్నాడు.

*

ఆదివారం పొద్దున మెరిన్ వంటింట్లోకి వచ్చేసరికి, రాత్రి తను బోర్లించిన కప్పులు బోర్లించినట్టే ఉన్నాయి. ఒకదాని చెవి గోడ వైపు, ఇంకోదాని చెవి కిటికీ వైపు. నోలా కడిగితే చెవులన్నీ ఒకే వైపు ఉంటాయి.

నోలా వరండాలో కూర్చుని ఉంది. పుస్తకం ఒళ్లో మూసి ఉంది. పసుపు బిళ్ల దాదాపు వెనక అట్ట దగ్గర ఉంది.

"టీ తాగారా?" అంది మెరిన్.

"తాగాను."

"పుస్తకం అయిపోయిందా?"

"అయిపోయింది."

"ఎలా ఉంది?"

నోలా ఆమెకేసి చూసింది. కోపం ఉందేమోనని మెరిన్ వెతికింది. కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది.

"జట్టు ముందు చెప్తాను" అంది నోలా. "నియమం అదే కదా. టీలోకి స్కోన్ రొట్టెల పిండి కలిపావా? కలపకపోతే నేను కలుపుతాను."

"కలిపాను."

"లాకీని కూడా ఉండమను."

"లాకీ ఎందుకు? అతనెప్పుడూ..."

"కుర్చీలు వెయ్యడానికి" అంది నోలా.

*

జట్టు నియమాలు నోలా పెట్టినవే. మంచం పక్కన ఏ పుస్తకం ఉంటే అదే తేవాలి, గొప్ప కోసం ఇంకోటి తేకూడదు. గుర్తు ఎక్కడ ఉంటే అక్కడే ఉంచి తేవాలి. ఆ పూట వంతు వచ్చినవాళ్లు తమకి నచ్చిన పుస్తకాన్ని గదిలో ఒక్కరి చేతికిచ్చి, వాళ్లకే ఎందుకిస్తున్నారో ఒక్క మాటలో చెప్పాలి. చేతికి వచ్చిన పుస్తకాన్ని వద్దనడానికి వీల్లేదు.

మొదట ఎర్న్ తన యుద్ధ చరిత్ర చూపించాడు. రెండేళ్లుగా అదే తెస్తున్నాడు.

"ఇంకా ఎడారిలోనే ఉన్నావా ఎర్న్?" అంది డల్సీ. "ఆ సైన్యం దప్పికతో చచ్చేట్టుంది, కాస్త తొందరగా నడిపించు."

"నిజంగా ఎంతకాలం పట్టిందో అంతకాలం చదవాలి" అన్నాడు ఎర్న్. "అదే మర్యాద."

బెవ్ సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలాదారు భార్య కథ ఒకటి చదువుతోంది. బాగుందిగానీ అందులో గాలి ఎక్కువైందని చెప్పింది. డల్సీ సంచిలోంచి పేగుల ఆరోగ్యం మీద లావుపాటి పుస్తకం తీసింది.

"మంచం పక్కన ఉన్నదే తెమ్మన్నారు, తెచ్చాను" అంది. "ఎవరికైనా కావాలంటే నాలుగో అధ్యాయం చదవండి. తిన్నాక చదవకండి."

బెవ్ నవ్వింది. మెరిన్ కూడా నవ్వాలనుకుంది. ఆమె తెచ్చిన పుస్తకం వంటలది. మంచం పక్కన ఉన్నది అది కాదు. అడిగినప్పుడు అందులోంచి ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఆమెకే తెలియదు.

"నీ వంతు నోలా" అంది డల్సీ. "ఏదో అత్తాకోడళ్ల కథట కదా. అందులో అత్త నేనేనని ఫోన్లో అందరికీ చెప్పావట."

"చెప్పాను. నువ్వు కాదు. తప్పు నాది."

"అయ్యో, నేను కాదా? పొద్దున జుట్టు కూడా దువ్వుకొచ్చాను."

నోలా నవ్వలేదు. పుస్తకం ఒళ్లో పెట్టుకుని, పసుపు బిళ్ల ఉన్నచోట తెరిచింది. గుర్తు కథ చివర లేదు. కాస్త ముందుంది. అది మెరిన్ అప్పుడే చూసింది.

కుర్చీలు వేసిన లాకీ వెళ్లిపోవడానికి తలుపు దాకా వెళ్లి, అక్కడే నిలబడిపోయాడు.

"ఇందులో ఒక కరువు వస్తుంది" అంది నోలా. "మొగుడు బండి దిగడు. ఆడమనిషే తుపాకీ తీసుకుని గొయ్యి దగ్గరికి వెళ్తుంది. కానిచ్చి ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంది. కప్పులు కడుక్కుంటుంది. కడిగినవే మళ్లీ కడుగుతుంది. ఆ రోజు నుంచి కడుగుతూనే ఉంటుంది."

ఆ గదిలో ఉన్నవాళ్లందరి పొలాల్లోనూ ఒక గొయ్యి ఉంది.

"బండి దిగనివాడు మగాడేమిటి?" అన్నాడు ఎర్న్. "అలెక్ లాంటివాడు దొరికుంటే ఆవిడకి ఆ గతి పట్టేది కాదు."

నోలా ఎర్న్ వైపు తిరిగింది. తలుపు దగ్గర లాకీ తల దించుకున్నాడు.

"అలా అనకు ఎర్న్" అంది నోలా. "దిగలేకపోవడమూ ఒక బరువే. ఈ రాసినావిడకి అది తెలుసు. ఆ మొగుణ్ణి ఒక్క మాట అనలేదు. అందుకే చివరిదాకా చదివాను. లేకపోతే పొయ్యిలో పెట్టేదాన్ని."

మెరిన్ చేతిలో పళ్లెం ఉంది. దాన్ని ఆమె బల్ల మీద పెట్టేసింది.

"బాగా రాసింది" అంది నోలా. "ఒక్కచోటే తప్పు చేసింది."

"ఎక్కడ?" అంది బెవ్.

"గొయ్యి దగ్గర ఎవరూ చూడలేదని రాసింది. ఆ ఆడమనిషి ఎవరికీ చెప్పలేదట. ఆ మొగుడు చచ్చేదాకా చెప్పలేదట. మూడో మనిషి లేడట." నోలా కళ్లజోడు తీసింది. "మరి ఈవిడకి ఎవరు చెప్పారు?"

"కథ కదే నోలా" అంది డల్సీ. "కల్పించి రాస్తారు."

"తుపాకీ ఎడమ భుజానికి ఆనించిందని కల్పిస్తారా? కుడి చెయ్యి బెణికి ఉందని, అందుకని ఎడమ వైపు నుంచి కాల్చిందని కల్పిస్తారా?"

డల్సీ ఏదో అనబోయింది. నోలా మొహం చూసి ఊరుకుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఆ పూట ఊరుకుంది.

మెరిన్ లాకీని చూసింది. ఎడమ భుజం సంగతి అతనే చెప్పాడు. చెక్కల సందులోంచి చూసినవాడు చెప్పిన మాటలన్నీ ఆమె రాసింది. చూసినవాణ్ణి ఒక్కణ్ణే తీసేసింది.

"మెరిన్ పేరు రాయించుకుంది కదా" అంది బెవ్, గొంతు సవరించుకుని. "పుస్తకం మెరిన్‌కి ఇచ్చెయ్ నోలా. నేను నమోదు చేసుకుంటాను."

"మెరిన్‌కి అక్కర్లేదు" అంది నోలా. కోడలి వైపు చూడకుండానే అంది. "దానికి ఈ పుస్తకం బాగా తెలుసు."

ఆమె లేచింది. కుర్చీల మధ్య నుంచి నడిచి తలుపు దగ్గరికి వెళ్లింది. పుస్తకాన్ని, పసుపు బిళ్ల ఉన్నది ఉన్నట్టే, కొడుకు ముందు చాపింది.

"ఇది లాకీకి" అంది. "ఎందుకంటే, ఈ పుస్తకంలో లేని మనిషి ఎవరో వీడు చదివి చెప్తాడు."

లాకీ చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. అతను మెరిన్ వైపు చూశాడు, ఎర్న్ వైపు చూశాడు. తర్వాత తల్లి చేతిలోని పుస్తకం వైపు చూశాడు. జేబుల్లోంచి చేతులు తియ్యలేదు.

"నేను చదవక్కర్లేదమ్మా" అన్నాడు.